బల్లెక్కిన పార్శిల్

సంచిలో పార్శిల్ లేదు.

దెబోరా సంచిని మంచం మీద బోర్లించింది. రెండు చీరలు, దేవదానం చొక్కా, దువ్వెన, పౌడరు డబ్బా, పాటల పుస్తకం పడ్డాయి. ఖాళీ సంచిని మళ్లీ దులిపింది. భయం పట్టుకున్న మనిషి ఖాళీ సంచిలో కూడా వెతుకుతుంది.

"యాడ పెట్టినావప్పా?"

దేవదానం గూట్లో అద్దం నిలబెట్టుకుని గడ్డం గీసుకుంటున్నాడు. సగం మొహాన నురగ ఉంది. "దాంట్లోనే ఉంటాది, సరిగా చూడు."

"దాంట్లో లేదు."

"రాత్రి ఈ మంచం కిందనే గదా పెట్టింటి."

"పెట్టింటే యాడికి పోతాది? కాళ్లు మొలిచినాయా దానికి?"

దేవదానం కత్తి పక్కన పెట్టి, మోకాళ్ల మీద వంగి మంచం కింద చూశాడు. పాత ట్రంకుపెట్టె, ఎండుమిరపకాయల గోతం తప్ప ఏమీ లేవు. బయట చర్చి మొదటి గంట మోగింది. ఆళ్లగడ్డలో ఆ రోజు కోతల పండుగ.

నిన్న మధ్యాహ్నం నంద్యాలలో ఇంటికి తాళం వేస్తుంటే పోస్టుమాన్ తెచ్చిచ్చిన పార్శిల్ అది. తెల్లగుడ్డలో కుట్టి, కుట్ల మీద లక్క ముద్రలు వేసి, పైన దేవదానం పేరు, మద్రాసు అడ్రసు రాసి ఉన్నాయి. రెండు గంటల బస్సు తప్పిపోతుందని విప్పకుండానే సంచిలో వేసుకున్నారు. మద్రాసు ఆసుపత్రిలో నర్సు దెబోరాకు చిలక్కి చెప్పినట్టు చెప్పింది: ఊరు పోయేటప్పుడు సామానంతా ఒకే చోట పెట్టొద్దు, రెండు సంచులైనా నీ చేతిలో ఉండాలి అని. ఆ మాట ఆ బస్సు తొందరలో గుర్తు రాలేదు. ఇప్పుడు మాత్రం ఆ నర్సు చెవి పక్కనే నిలబడి అంటున్నట్టు వినబడుతోంది.

ఎనిమిది నెలల కిందట దెబోరా పేగులో గడ్డ తీసేశారు. మిగిలిన పేగు కొసను కడుపుకు ఎడమవైపు పైకి తెచ్చి కుట్టారు. అప్పటినుంచీ లోపలిదంతా ఆ దారినే వస్తుంది. దాని మీద, మద్రాసు నుంచి పార్శిల్‌లో తెప్పించుకునే రబ్బరు సంచి పెట్టి, చుట్టూ జిగురు అద్ది, నడుముకు పట్టీ బిగించుకోవాలి. ఈ సంగతి దేవదానానికి తప్ప అతని తరఫు వాళ్లలో ఎవరికీ తెలియదు. గర్భసంచి ఆపరేషన్ అని చెప్పారు. గర్భసంచి అంటే ఊరు అయ్యో అంటుంది. పేగు అంటే ముక్కు మూసుకుంటుంది.

"ఇప్పుడుండేది నిలబడతాదా?" దేవదానం గొంతు తగ్గించి అడిగాడు.

"గురువారం పెట్టుకున్న్యది. శిరివెళ్ల దాటినాంక ఆ గుంతల్లో బస్సు ఎగిరెగిరి పడె గదా, అప్పుడే ఒక అంచు లేచింది. పొద్దున చూసుకుంటే ఇంకా లేచింది." దెబోరా చెయ్యి తనకు తెలియకుండానే ఎడమ పక్కకు పోయింది. "రాత్రి మీ అక్క వద్దంటాన్నా ఇనకుండా కోడికూర వడ్డించె."

"అక్కతో చెప్పేస్తా. ఎన్నాళ్లని దాస్తావు?"

"చెప్పు. చెప్పి, సాయంత్రం బస్సుకు నన్ను నంద్యాలకు తీసకపో. ఇంగ ఆ బోర్డింగు మొహం చూడను."

దేవదానం కత్తి మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

సాయంత్రం నాలుగింటికి చర్చి కమిటీ కూర్చుంటుంది. ఆడపిల్లల బోర్డింగుకు దెబోరాను మాట్రన్‌గా పెట్టుకుంటూ సంతకాలు చేస్తారు. నలభైమంది పిల్లలకు చేత్తో అన్నం పెట్టే పని అది. ఆపరేషన్‌తో నంద్యాల బడిలో పని పోయాక, దెబోరాను ఎవరూ పనికి పిలవలేదు. కూర్చో, పడుకో, నీళ్లు నేను తెస్తా అని దేవదానం అనే ప్రతి మాటా ఆమెకు సమాధి మీద వేసే మట్టిలా వినబడేది. మాట్రన్ పని సంగతి వచ్చినరోజు ఆమె వంటగదిలో కూర్చుని పాట పాడుకుంది. కమిటీలో ఉన్న ఒకే ఒక ఆడమనిషి కమలమ్మకు మాత్రం ఆ పని తన చెల్లెలి కూతురికి ఇప్పించాలని ఉంది. కమలమ్మకు ఒక వంక కావాలి, అంతే.

"పిల్లోళ్లకు అన్నం పెట్టే చెయ్యి అది. కమలమ్మ ఆ మాటొక్కటి అంటే చాలు," అంది దెబోరా. "నీ కడుపు కాదు గదా, నీకేం తెలుస్తాది."

లూదియా తలుపు తోసుకుని వచ్చింది. దేవదానానికి అక్క, ఈ ఇంటి ఇల్లాలు. పండుగ పట్టుచీర కట్టి, చేతిలో తాళాలగుత్తి ఆడిస్తోంది.

"ఇంగా తయారు కాల్యా మీరు? రెండో గంట కొడతారు బేగా రండి."

"వదినా, ఈడ తెల్లగుడ్డ పార్శిల్ ఒకటి ఉండె. చూసినావా?"

"ఓ, అదా!" లూదియా మొహం వెలిగింది. "తెల్లారి చర్చోళ్లు కానుకల గంపలు పట్టుకోని వచ్చినారు. వీడు నిద్దర్లో ఉండె, నువ్వు పెరట్లో ఉంటివి. నేనే తీసిచ్చినా. చర్చిలో దేవుని బల్ల మీద పెట్టినారు, నా కండ్లతో చూసొచ్చినా. మా తమ్ముడు మద్రాసు నుంచి తెప్పిచ్చినాడని పేరు గూడా రాపిచ్చినా."



"ఎవురడిగినార్ నిన్ను ఇయ్యమని?" అన్నాడు దేవదానం.

"ఏందిరా ఆ మాట? పండుగకు ఏం తెచ్చినారంటే, తెచ్చినాంలే అక్కా అన్లేదా రాత్రి నువ్వు?"

దెబోరా భర్త వైపు తిరిగింది. "తెచ్చినాం అన్న్యావా?"

అన్నాడు. కోతల పండుగకు ఉత్త చేతులతో వచ్చి, అక్క అడిగితే సిగ్గుపడి, పొద్దున బజారులో ఏదైనా కొనొచ్చులే అని ఒక చిన్న అబద్ధం ఆడాడు. చిన్న అబద్ధాలకు తెల్లవారుజామునే మెలకువ వస్తుంది.

"పోయి తెస్తా," అని మొహం తుడుచుకున్నాడు.

"బల్లెక్కినాంక వెనక్కు తెస్తావా?" లూదియా గొంతు మారింది. "బల్లెక్కింది దేవునిది. కావాలంటే వేలంపాటలో పాడుకోవాల్సిందే. పోయిన కోతలకు ఆదెమ్మ పొరపాటున పొదుగుకోడిని ఇచ్చినానని వెనక్కు తెచ్చుకున్న్యది. నెల తిరక్కముందే ఇంటి దూలం కూలి మంచాన పడింది. మా ఇంటి పేరున బల్లెక్కింది బల్ల దిగదు."

"మందులుండాయి వదినా దాంట్లో."

"మందులా? ఏం మందులు?"

దెబోరా మంచం మీది చీరలు తీసి సంచిలో కుక్కింది.

లూదియా ఆమెను కిందికీ పైకీ చూసింది. "మందులైతే ఈ బెదురెందుకు? వచ్చినప్పటినుంచీ చూస్తాండా. తింటే ముద్ద లెక్క, కూర్చుంటే వాకిలి పక్క. తెల్లార్దో ల్యాదో గుడ్డలు ఉతుక్కుంటివి. ఏం దాస్తాండావ్ దెబోరా?"

"అక్కా, ఊరుకో," అన్నాడు దేవదానం.

"నేను ఊరుకుంటాలే. ఊరు ఊరుకుంటాదా?" లూదియా తాళాలు నడుముకు దోపుకుని వెళ్లిపోయింది.

గడప అవతల హన్నమ్మ కూర్చుని ఉంది. దేవదానానికి, లూదియాకు తల్లి. డెబ్భై దాటాయి, ఒక కంటికి పొర కమ్మింది. కూతురింట్లోనే ఉంటుంది. రోజుకు పది మాటలు మాట్లాడితే అందులో ఆరు కోళ్లతో. పొద్దున దెబోరా తడికెల చాటున పట్టీ విప్పి అంచు తుడుచుకుంటున్నప్పుడు ఈమె వేణ్ణీళ్ల కడవతో వచ్చి తడిక తీసింది. ఒక్క క్షణం నిలబడింది. కడవ కింద పెట్టి, తడికను మళ్లీ దగ్గరికి వేసి వెళ్లిపోయింది. ముసలామెకు చూపు ఆనదులే అని దెబోరా తనకు తాను చెప్పుకుంది.

ఇప్పుడు హన్నమ్మ మడతపెట్టిన పాత నూలుచీర ముక్క చాచింది. ఉతికి ఉతికి దూదిలా మెత్తబడింది.

"నడుముకు చుట్టుకో కోడలా. బస్సు కుదుపుకు లేచింది గదా, పట్టుకోనుంటాది."

దెబోరా తీసుకుంది. ముసలామె మొహంలోకి చూడడానికి ధైర్యం చాలలేదు.

*

చర్చి ముందు దేవదానం బావ ఓబయ్యను పట్టుకున్నాడు. లూదియా భర్త ఓబయ్య మంచివాడు. గొంతు పెద్దది, నవ్వు ఇంకా పెద్దది. ఇరవయ్యేళ్లుగా కోతల పండుగలో కానుకల వేలంపాట పెట్టేది అతనే. అతని చెవిలో రహస్యం చెప్పడమూ, చర్చి గంట కట్టి కొట్టడమూ ఒకటే.

"బావా, ఆ పార్శిల్ నాది కాదు. మా ఆఫీసులో ఒగాయనది. పొరపాటున వచ్చింది."

"నీ పేరే ఉండాది గదప్పా దాని మీద!"

"ఆయన నా పేరున తెప్పిచ్చుకున్న్యాడు."

ఓబయ్య భుజం మీద చరిచాడు. "ఏం తెచ్చినావో గాని బామ్మర్దీ, జనం అంతా దాని మీదనే ఉండారు. మూసిన మూట యానాడూ కడాకు పెడతా. పాడినోడు అందరి ముందర విప్పాల. అదే గదా పండుగలో మజా!"

దేవదానం తిరిగి వచ్చి దెబోరా పక్కన ఒక్క నిమిషం నిలబడ్డాడు. "నేనే పాడతా. ఎంతైనా గానీ. వాకిలి పక్కన కూర్చో. ఏమన్నా అయితే లేచి ఎల్లిపో, ఎవురూ చూడరు."

ఆడవాళ్ల వైపు చివరి చాప మీద, తలుపుకు రెండడుగుల దూరంలో దెబోరా కూర్చుంది. అత్త ఇచ్చిన గుడ్డ పట్టీ మీద బిగించి చుట్టుకుంది. ముందర బల్ల చుట్టూ జొన్నకంకులు, వేరుశనక్కాయల గంపలు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోళ్లు. వాటి మధ్యలో తెల్లటి పార్శిల్. లక్క ముద్రలు ఎర్రగా ఇంత దూరం కనబడుతున్నాయి.

పాటలు పాడినంతసేపూ ఆమెకు ధైర్యంగానే ఉంది. హార్మోనియం, డోలక్, నాలుగొందల గొంతులు. ఏ చప్పుడైనా అందులో కలిసిపోతుంది. అయ్యగారు ప్రార్థనకు లేవగానే చర్చి నిశ్శబ్దమయింది. దెబోరా రెండు చేతులూ ఎడమ పక్కన అదిమి పట్టుకుంది. కడుపు లోపల చిన్నగా కదిలింది. పక్కనున్న ఆడమనిషి ఒక కన్ను తెరిచి చూసి, మళ్లీ మూసింది.

దేవా, ఇంకొక్క గంట అనుకుంది దెబోరా. ఆమె ప్రార్థన అంతే.

ఆరాధన అయ్యాక ఓబయ్య చొక్కా చేతులు మడిచి వేలంపాట మొదలుపెట్టాడు. కోళ్లు పోయాయి. గుమ్మడికాయలు పోయాయి, ఒకదాన్ని అక్కడికక్కడే కత్తితో కోసి ముక్కలమ్మారు. జనం నవ్వుతున్నారు. దెబోరా నడుముకు చుట్టిన గుడ్డ లోపలివైపు తడి తగిలింది. చెమటేమో అనుకుంది. చెమట కాదు.

"ఇంగ మూసిన మూట!" ఓబయ్య పార్శిల్‌ను రెండు చేతుల మీదా ఎత్తి చూపించాడు. చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. "మద్రాసు సరుకు! పట్టుచీరా? పలావు గిన్నెలా? పాడండప్పా!"

"ఇరవై," అన్నాడు దేవదానం, ఎవరూ నోరు తెరవకముందే.

చర్చి గొల్లుమంది.

"తెచ్చినోడే కొనుక్కుంటాడా?" ముందు వరస నుంచి కమలమ్మ లేచి నిలబడింది. తెల్లచీర, కళ్లద్దాలు, చేతిలో కమిటీ పుస్తకం. "ఇచ్చినోడే పాడితే ఇచ్చినట్టు ఎట్లయితాది ఓబయ్యా? యానాడన్నా ఉండాదా ఆ పద్ధతి?"

"ల్యాదు," ఓబయ్య ఒప్పుకున్నాడు. "బామ్మర్దీ, నువ్వు కూర్చో."

"బావా..."

"కూర్చోప్పా! పద్ధతి పద్ధతే."

దేవదానం కూర్చున్నాడు. దెబోరా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది.

"ఇరవై అయిదు," అంది కమలమ్మ. ఆమె కళ్లద్దాలు చివరి చాప దాకా వచ్చి ఆగాయి. "అంతగా వదులుకోల్యాక పోతాండారంటే, ఏముండాదో చూడాల్సిందే."

ఇరవై అయిదు ఒకసారి. ఇరవై అయిదు రెండోసారి.

"యాభై."

ఆ గొంతు ఎవరిదో ముందు ఎవరికీ తెలియలేదు. స్తంభం పక్కన హన్నమ్మ చెయ్యెత్తి ఉంది. పుట్టి బుద్ధెరిగి ఆమె పాటలో నోరెత్తింది లేదు.

"ఆయమ్మ దేవదానం తల్లి గదా!" అన్నారెవరో.

"తల్లి వేరే, కొడుకు వేరే," అన్నాడు ఓబయ్య నవ్వుతూ. "మా అత్త నా ఇంట్లో తింటాది. పాడొచ్చు. యాభై మూడోసారి!"

కమలమ్మ కూర్చుంది. పార్శిల్ హన్నమ్మ ఒళ్లోకి వచ్చింది. ముసలామె దాని మీద కొంగు కప్పి లేవబోయింది.

దెబోరా కళ్లు మూసుకుంది. ఎనిమిది నెలల్లో మొదటిసారి, ఒక మనిషి చేతులు పట్టుకుని ఏడవాలనిపించింది.

"విప్పాల! విప్పాల!" అని అరిచారు జనం.

"ఇంటికి పోయి విప్పుకుంటా. తొలగండి."

"అట్ల కాదత్తా, పద్ధతి!" ఓబయ్య ముద్దుగానే వంగి పార్శిల్ అందుకున్నాడు. హన్నమ్మ వేళ్లు వదల్లేదు. అతను అది కూడా ఆటే అనుకున్నాడు. గుమ్మడికాయ కోసిన కత్తితో కుట్లు పరపరా తెంపాడు. లక్క ముక్కలు నేల రాలాయి.

రబ్బరు సంచులు, బిళ్ల పట్టీ, పొడి డబ్బా, దూది ఉండలు. ఓబయ్య ఒక సంచి పైకెత్తి పట్టుకున్నాడు. గోధుమరంగులో, మూతి గుండ్రంగా, వేలాడుతూ ఉంది.

"ఏందప్పా ఇది? పిల్లోళ్లు ఊదే బుగ్గలా?"

నవ్వు లేచింది. చర్చి అంతటా లేచింది. లూదియా ఒక్కతే నవ్వలేదు. తమ్ముణ్ని చూస్తోంది.

"నవ్వొద్దండి."

హన్నమ్మ అల్లుడి చేతిలోని సంచి లాక్కుంది. ఆ పది మాటల మనిషి నాలుగొందల మంది ముందు నిలబడింది.

"నావి ఇవి. కడుపుకు కట్టుకునేవి. నాకు పేగు కోసినారు. ఆ దారిన పోయేదంతా దీంట్లో పట్టుకోవాల. రోగమొచ్చినోళ్ల సామాను చూసి నవ్వుతారా మీరు? దేవుని బల్ల ముందర?"

నవ్వు తెగిపోయింది. వెనక ఎవరో ముసలాయన అయ్యో అన్నాడు. ఓబయ్య కత్తి కింద పెట్టాడు. అంతా అక్కడితో అయిపోయేది. నిజంగా అయిపోయేది. జాలిపడి, తలలు వంచుకుని, జనం ఇళ్లకు పోయేవాళ్లు.

"నీకెప్పుడు కోసినారు పెద్దమ్మా?" కమలమ్మ మెత్తగా అడిగింది. "ఈ ఊరు దాటి పోయినట్టే ల్యాదే నువ్వు."

"కోసినారు. నావే." హన్నమ్మ సంచులన్నీ రొమ్ముకు అదుముకుంది. "నావే ఇవి. మా కోడలివి కాదు."



"కోడలి మాట ఎవురూ ఎత్తలేదే పెద్దమ్మా," అంది కమలమ్మ.

హన్నమ్మ కొంగు లాగి సంచుల మీద కప్పింది. తానేం చేసిందో ఆమెకు అర్థం కావడం చివరి చాప దాకా కనబడింది.

ఒక్కొక్క తలా వెనక్కు తిరిగింది. దేవదానం మాత్రం తల వంచుకున్నాడు. నడుముకు చుట్టిన మెత్తటి గుడ్డ దాటి, చీర దాకా తడి వచ్చేసిందని దెబోరాకు తెలుసు. పక్కనున్న ఆడమనిషి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

తలుపు రెండడుగుల్లో ఉంది. అత్త చర్చికి అవతలి కొసన, స్తంభం పక్కన, రబ్బరు సంచులు పొత్తిట్లో పట్టుకుని ఒంటరిగా నిలబడి ఉంది.

దెబోరా లేచింది. ఎడమ పక్క నుంచి చెయ్యి తీసేసింది. తలుపు వైపు వీపు తిప్పి, ముందుకు, అత్త వైపు నడిచింది.

దారికి అటూ ఇటూ కూర్చున్న ఆడవాళ్లు ఒక్కొక్కరే చీర కుచ్చెళ్లు దగ్గరికి లాక్కున్నారు. కమలమ్మ లాక్కోలేదు. ఆమె పుస్తకం చంకన పెట్టుకుని, సాయంత్రం సంతకాలు చెయ్యాల్సిన కమిటీ పెద్దలు కూర్చున్న కుర్చీల వైపు నడిచింది.